ఆ ప్రశ్నకు ఒక్కసారే జవాబు

పరిశుద్ధాత్మను దూషించినవాడికి ఎన్నటికీ క్షమాపణ లేదన్న మాట సువార్తల్లో చదివి, ఆ పాపం తానే చేసేశానేమోనని లోలోపల కుమిలిపోయే విశ్వాసులు దాదాపు ప్రతి సంఘంలోనూ ఉంటారు. బయటికి చెప్పేవారు తక్కువ. చెప్పుకున్నవారికి మన పాస్టర్లు సాధారణంగా ఇచ్చే జవాబు ఒకటుంది: ఆ పాపం చేసినవాడి గుండె బండబారిపోతుంది, వాడికి ఈ భయమే ఉండదు, నీకు భయం ఉందంటే నువ్వు ఆ పాపం చేయలేదన్నమాటే. ఈ జవాబు సత్యమేనని నేను నమ్ముతాను. అదే జవాబును వారం వారం చెబుతూ పోవడం వల్ల ఆ మనిషి బాగుపడకపోగా ఇంకా దిగజారతాడని కూడా నమ్ముతాను. పల్నాటి పల్లెల్లో పాస్టరుగా పనిచేసిన మనిషికి కొడుకుగా పుట్టి, రాత్రిపూట మా ఇంటి అరుగు మీద ఈ ప్రశ్న ఎన్నోసార్లు విన్నవాడిని కాబట్టి, ఈ రెండు నమ్మకాలూ ఒకే మనసులో ఎలా ఇముడుతాయో వివరంగా చెప్పాలని ఉంది.

ముందుగా ఆ భయం ఎలా ఉంటుందో తెలియనివారికి చెప్పాలి. యువకుల కూటానికి వచ్చే ఇంటర్మీడియట్ కుర్రవాడిని ఊహించుకోండి. ఆరాధన చివర ఆశీర్వాదంలో తండ్రి పేరు, కుమారుడి పేరు దాటి పరిశుద్ధాత్మ పేరు దగ్గరికి వచ్చేసరికి, పిలవకుండానే, ఒక బూతు మాట అతని తలలో పలుకుతుంది. అది గ్రాంథికంలో రాదు, వేదాంత పరిభాషలోనూ రాదు. బస్టాండులో, క్రికెట్ ఆడే ఖాళీ స్థలంలో వినిపించే మాటగానే వస్తుంది. అతను హడలిపోయి వెంటనే నోట్లోనే ‘యేసు రక్తమే జయం’ అనుకుంటాడు. మూడుసార్లు అనాలి, మూడుసార్లూ మనసు పెట్టి అనాలి, మధ్యలో తడబడితే మళ్ళీ మొదటినుంచి అనాలి. ఇంట్లో అన్నం తింటూ కూడా పెదవులు కదుపుతూ ఉంటే తల్లి ‘ఏంట్రా ఆ గొణుగుడు’ అంటుంది. రాత్రి దుప్పటిలో ఫోను పెట్టుకుని అదే అంశం మీద ప్రసంగాలు ఒకదాని తరవాత ఒకటి వింటాడు. సంస్కారం, అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ఆదివారం తన వరుస లేచి బలిపీఠం వైపు నడుస్తుంటే, కడుపులో బాగోలేదని చెప్పి బల్ల మీదే కూర్చుండిపోతాడు. అయోగ్యంగా తిని తాగేవాడు తనకే శిక్షావిధి తెచ్చుకుంటాడని కొరింథీయులకు పౌలు రాసిన మాట అతనికి కంఠస్థం. చదువు పాడవుతుంది, నిద్ర పోతుంది. ఇంట్లోవాళ్ళు మాత్రం కుర్రవాడు ఈ మధ్య భక్తిలో బాగా ఎదుగుతున్నాడని సంతోషిస్తూ ఉంటారు.

ఇంత భయానికి కారణమైన మాట ఎక్కడ, ఎవరితో, ఎందుకు చెప్పినదో చూద్దాం. మార్కు సువార్త మూడో అధ్యాయంలో యెరూషలేము నుంచి శాస్త్రులు దిగివస్తారు. వారు ఊరి జనం కారు, ధర్మశాస్త్రం చదివిన పెద్దలు, తీర్పు చెప్పే అధికారం ఉన్నవారు. దయ్యాలు వదిలిపోవడం కళ్ళెదుట కనిపిస్తున్నా, ఇది బయెల్జెబూలు పని, దయ్యాల అధిపతి సాయంతో చేస్తున్నాడని వారు ప్రచారం చేస్తారు. యేసు హెచ్చరిక వారికి. ఇరవై తొమ్మిదో వచనంలో ఆ హెచ్చరిక ఉంటే, ముప్పయ్యో వచనంలో మార్కు దానికి కారణం కూడా రాసిపెట్టాడు: ఆయనకు అపవిత్రాత్మ పట్టిందని వారు అన్నందువల్ల ఆయన ఈ మాట చెప్పాడు. ఇరవై తొమ్మిది దగ్గర ఆగిపోయే ప్రసంగాలు నేను లెక్కలేనన్ని విన్నాను, ముప్పై దాకా వెళ్ళినవి చాలా తక్కువ. అంతే కాదు, అదే అధ్యాయంలో కాస్త పైన, ఆయన సొంతవాళ్ళే ఆయనకు మతి చలించిందని పట్టుకుపోవడానికి బయలుదేరినట్టు ఉంది. వారిని యేసు నిత్యపాపులని అనలేదు. ఆ కుటుంబానికి చెందిన యాకోబు తరవాతి కాలంలో యెరూషలేము సంఘానికి పెద్దయ్యాడు.

మత్తయి ఇంకో మాట కలిపాడు. మనుష్యకుమారుడికి, అంటే తనకు, విరోధంగా మాట్లాడినదానికి క్షమాపణ ఉందని యేసు అన్నట్టు రాశాడు. యేసును పట్టుకున్న రాత్రి ప్రధానయాజకుడి ఇంటి పెరట్లో ఆయన శిష్యుడు పేతురు శపించుకుంటూ ఒట్టు పెట్టుకుంటూ ‘ఆ మనిషి ఎవరో నాకు తెలియదు’ అన్నాడు. అది ఊహగా వచ్చి పోయినది కాదు, నలుగురి ముందు నోటితో, తెలిసి, మూడుసార్లు అన్నది. సౌలుగా ఉన్న రోజుల్లో పౌలు విశ్వాసులను హింసించి వారి చేత దేవదూషణ చేయించడానికి ప్రయత్నించానని అగ్రిప్ప రాజు ముందు తానే ఒప్పుకున్నాడు. తానూ దూషకుడినేనని, తెలియక చేసినందువల్ల కనికరం పొందానని తిమోతికి రాశాడు. ఈ ఇద్దరి పేర్లూ తీసేస్తే కొత్త నిబంధనలో ఎంత మిగులుతుందో చూసుకోవచ్చు.

ఇక్కడ ఒక ఫిర్యాదు చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. మా ప్రాంతంలో ఒక కన్వెన్షన్‌లో వక్త, తన స్వస్థత కూటాలను ఎగతాళి చేస్తున్నవారి గురించి మాట్లాడుతూ, దైవజనుణ్ణి విమర్శించడం పరిశుద్ధాత్మ దూషణేనని, దానికి ఈ లోకంలోనూ రాబోయే లోకంలోనూ క్షమాపణ లేదని మైకులో అరిచి చెప్పాడు. పందిట్లో కూర్చున్న ముసలమ్మలు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చందాల లెక్క అడిగిన పెద్దలు ఎవరో, అనుమానం వచ్చిన పిల్లలు ఎవరో, అందరికీ కలిపి ఒకే దెబ్బ. మత పెద్దల అధికార గర్వాన్ని ఉద్దేశించి చెప్పిన వాక్యాన్ని తీసుకుని, మత పెద్ద తన అధికారానికి కంచెగా నాటుకున్నాడు. వాక్యంలో శాస్త్రులు ఉన్న చోట ఇప్పుడు ముసలమ్మలు ఉన్నారు. శాస్త్రులు ఎక్కడున్నారో వేరే చెప్పనక్కరలేదు. ఇలాంటి ప్రసంగాలు అందరినీ ఒకేలా తాకవు. దిట్టమైన మనిషి దులపరించుకుని ఇంటికి పోతాడు. అప్పటికే లోపల బూతు మాటతో పోరాడుతున్న కుర్రవాడు మాత్రం ఆ రాత్రి తన మీద తీర్పు వచ్చేసిందని అనుకుంటాడు.

సంఘం తన చరిత్రలో ఈ ప్రశ్నను ఎలా తేల్చిందో చూసినా ఆ కుర్రవాడికి భయపడవలసిన పని కనిపించదు. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి డెసియస్, సామ్రాజ్యంలో అందరూ దేవతలకు బలి అర్పించి, అర్పించినట్టు ధ్రువపత్రం తీసుకోవాలని ఆజ్ఞ ఇచ్చాడు. అలాంటి పత్రాలు ఈజిప్టు ఇసుకలో పపైరస్ ముక్కలుగా నిజంగానే దొరికాయి. ప్రాణభయంతో వేలమంది క్రైస్తవులు బలి అర్పించారు, కొందరు లంచమిచ్చి పత్రాలు కొనుక్కున్నారు. హింస తగ్గాక వారంతా ఏడుస్తూ తిరిగి వచ్చి సంఘం తలుపు తట్టారు. 251లో రోములో నొవేషియన్ అనే పెద్ద, వీరిని చేర్చుకునే అధికారం సంఘానికి లేదని పట్టుబట్టి వేరుపడ్డాడు. ఒకసారి వెలిగింపబడి తప్పిపోయినవారిని మళ్ళీ మారుమనస్సుకు తేవడం అసాధ్యమన్న హెబ్రీ పత్రిక ఆరో అధ్యాయం అతని అనుచరులకు పెద్ద ఆయుధమైంది. కార్తేజీలో బిషప్ సిప్రియన్, రోములో బిషప్ కొర్నేలియస్ దీనికి ఒప్పుకోలేదు. పశ్చాత్తాపం చూపినవారికి, తగిన కాలం గడిచాక, తలుపు తెరవాలని నిర్ణయించారు. 325లో బిషప్పులు కూడిన నైసియా సభ కూడా, నొవేషియన్ పక్షంవారు తిరిగి సంఘంలోకి రావాలంటే అలా పడి లేచినవారితో కలిసి సహవాసం చేయడానికి ఒప్పుకోవాలని షరతు పెట్టింది. అంటే చేత్తో ధూపం వేసి, సంతకం చేసి క్రీస్తును కాదన్నవారికి కూడా తలుపు మూయలేదు. అలాంటప్పుడు ప్రార్థన మధ్యలో అడగకుండా వచ్చిన ఒక మాటకు ఆ తలుపు మూసుకుపోతుందని ఏ ఆధారంతో అంటాం? ఈ వచనం లేఖనాల్లో అన్నిటికంటే కష్టమైన ప్రశ్నల్లో ఒకటని ఒప్పుకున్న తొలినాటి సంఘ బోధకుడు అగస్టీను కూడా, చివరి శ్వాస దాకా పశ్చాత్తాపాన్ని నిరాకరించే మొండితనమే ఆ పాపమని తేల్చాడు. బతికి ఉండి, క్షమాపణ కోరుతున్న మనిషికి అది అంటుకునే వీలే లేదు.

కాబట్టి జవాబు స్పష్టం: నువ్వు ఆ పాపం చేయలేదు. ఇక్కడితో వ్యాసం ముగిసిపోవాలి. కానీ పై విషయాలన్నీ, కొన్నిసార్లు ఇంతకంటే బాగా, ఆ కుర్రవాడికి ఇప్పటికే తెలుసు. అయినా అతని భయం పోలేదు, దాన్ని గురించే అసలు మాట్లాడుకోవాలి.

పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో, బెడ్‌ఫర్డ్ దగ్గర, ఊరూరా తిరిగి గిన్నెలకు మాట్లు వేసి బతికే జాన్ బన్యన్ అనే యువకుడు ఉండేవాడు. మన ఇళ్ళలో ‘యాత్రికుని ప్రయాణము’ రాసినవాడిగానే అతను తెలుసు. అంతకు పన్నెండేళ్ళ ముందే, 1666లో, అనుమతి లేకుండా ప్రసంగించినందుకు జైల్లో ఉండగా అతను తన ఆత్మకథ రాశాడు. ఈ భయం లోపలినుంచి ఎలా ఉంటుందో అంత నిజాయితీగా చెప్పిన పుస్తకం నాకు మరొకటి కనబడలేదు. పరిశుద్ధాత్మకు విరోధమైన పాపం ఒక్క మాట పలకడం వల్ల జరుగుతుందేమోనని అనిపించాక, ఆ మాట తన నోటినుంచి దానంతటది వచ్చేస్తుందేమోనని నోరు తెరుచుకోకుండా గడ్డం కింద చెయ్యి పెట్టి పట్టుకునేవాడట. పెంటకుప్ప గుంటలో తలకిందులుగా దూకి అయినా నోరు మూసుకోవాలనిపించేదట. ఆ తరవాత ఇంకో ఊహ పట్టుకుంది. ‘క్రీస్తును అమ్మెయ్యి, దీనికోసం అమ్మెయ్యి, దానికోసం అమ్మెయ్యి’ అని లోపల ఒక గొంతు. కింద పడిన గుండుసూది తీయడానికి వంగినా, కట్టెపుల్ల నరికినా, ముద్ద నోట్లో పెట్టుకున్నా అదే మాట. ‘వేల లోకాలిచ్చినా అమ్మను, అమ్మను’ అని జవాబు చెబుతూ, మోచేతులతో ఎవరినో నెట్టేస్తున్నట్టు ఒళ్ళు కదిపేవాడు. అన్నం ముందునుంచి లేచిపోయి ప్రార్థన చేసుకునేవాడు. ఒక ఉదయం పడక మీద, పోరాడి పోరాడి అలసిన క్షణంలో, ‘పోతే పోనీ, ఆయన ఇష్టం’ అన్న ఊహ మనసులోంచి దాటిపోయింది. అంతే, చెట్టు కొమ్మ మీదినుంచి తుపాకీ దెబ్బకు రాలిన పిట్టలా పడిపోయానని రాసుకున్నాడు. అక్కడినుంచి రెండేళ్ళకు పైగా నరకం.

ఆ కాలమంతా బన్యన్ ఏం చేశాడో గమనించాలి. తన పాపాన్ని దావీదు పాపంతో పోల్చాడు, పేతురు పాపంతో పోల్చాడు, యేసును పట్టించిన యూదా పాపంతో పోల్చాడు. దావీదుది ధర్మశాస్త్రానికి విరోధం, నాది రక్షకుడికే విరోధం అని తేల్చుకున్నాడు. ఆశీర్వాదం కోసం కన్నీళ్ళు విడిచి వెతికినా దొరకని ఏశావు వచనం అతన్ని రోజంతా వెంటాడేది. ‘నా కృప నీకు చాలును’ అన్న వచనం తగిలినప్పుడు కొంత ఊరట కలిగేది. మనశ్శాంతి ఒక్కో రోజు ఇరవైసార్లు వచ్చిపోయేదని రాశాడు. ఒకసారి ధైర్యం చేసి, అనుభవం ఉన్న ఒక వృద్ధ క్రైస్తవుడి దగ్గరికి వెళ్ళి, నేను పరిశుద్ధాత్మకు విరోధమైన పాపం చేశానని భయపడుతున్నానని చెప్పుకున్నాడు. ఆ పెద్దమనిషి, నాకూ అలాగే అనిపిస్తోంది అన్నాడట. (ఇలాంటి సలహాదారులు ఏ కాలంలోనూ తక్కువ కారు.) ఇంకోసారి స్పీరా కథ చేతికి దొరికింది. ఇటలీకి చెందిన ఈ న్యాయవాది 1548లో అధికారుల ఒత్తిడికి లొంగి ప్రొటెస్టంట్ విశ్వాసాన్ని కాదని ఒప్పుకుని, ఆ వెంటనే తనకు క్షమాపణ లేదన్న నిరాశలో, ఎవరెంత ఓదార్చినా వినకుండా, కొద్ది నెలల్లోనే చనిపోయాడు. ఆ కథ పుస్తకంగా ఇంగ్లండులో వంద ఏళ్ళు తిరిగింది. పచ్చి పుండు మీద ఉప్పు రుద్దినట్టయిందని బన్యన్ రాశాడు.

ఇక్కడ బన్యన్‌కు కరువైనది జవాబు కాదు. వచనం తరవాత వచనం, ఊరట తరవాత ఊరట, అతనికి దొరుకుతూనే ఉన్నాయి. ఊరట కలిగిన కొద్ది గంటలకే ‘కానీ’ అన్న మాట వచ్చేది. ఆ ‘కానీ’కి జవాబు వెతికితే ఇంకో ‘కానీ’. వెతకడమే ఆ జబ్బుకు తిండి. వెతికినప్పుడల్లా కలిగే క్షణికమైన శాంతి, మళ్ళీ వెతకమని మనసుకు నేర్పుతుంది.

కథోలిక సంప్రదాయంలోనూ ఇదే జరిగింది. 1522లో స్పెయిన్‌లోని మన్రేసాలో ఇగ్నేషియస్ లొయోలా, తాను చేసిన పాపాలన్నీ పాపసంకీర్తనలో, అంటే గురువు ముందు పాపాలు ఒప్పుకునేటప్పుడు, చెప్పానా లేదా అన్న శంకతో నెలల తరబడి అల్లాడిపోయాడు. చెప్పినవే మళ్ళీ మళ్ళీ చెప్పేవాడు. చివరికి గురువు, మరీ స్పష్టంగా గుర్తున్నదైతే తప్ప పాత పాపాలు ఇక చెప్పవద్దని ఆజ్ఞాపించాడు. దాని వల్ల ప్రయోజనం లేకపోయింది, ఎందుకంటే అతనికి అన్నీ స్పష్టంగానే కనిపించాయి! తానున్న గదిలోని గుంటలో దూకి చచ్చిపోవాలన్న తలంపు కూడా వచ్చిందని అతనే చెప్పుకున్నాడు. పాత పాపాలు ఇక ఏమైనా సరే ఒప్పుకోకూడదని నిర్ణయించుకున్న రోజున అతను విడుదల పొందాడు. సన్యాసిగా ఉన్న రోజుల్లో లూథరు కూడా గంటల తరబడి ఒప్పుకోళ్ళు చెప్పి గురువు స్టౌపిట్స్‌కు విసుగు తెప్పించాడు. గుంటూరులో 1842లో మిషనరీ హయ్యర్ దొర దిగినప్పటినుంచి లూథరన్లమైన మాకు లూథరు రాసి ఇచ్చిన చిన్న ప్రశ్నోత్తరిలో, గురువు ముందు మనకు తెలిసిన పాపాలు, హృదయంలో బాధపెట్టే పాపాలు మాత్రమే ఒప్పుకోవాలని ఉంటుంది. చిన్నప్పుడు మేమంతా అప్పజెప్పిన వాక్యమే. అనుభవించినవాడు గీసిన గీత అది అని పెద్దయ్యాక గాని అర్థం కాలేదు.

దీన్ని ఇప్పటి వైద్యులు ఒక రకం ఓసీడీగా, అంటే వద్దన్నా వచ్చే ఊహలూ వాటిని పోగొట్టుకోవడానికి అదేపనిగా చేసే పనులూ ఉండే మానసిక జబ్బుగా గుర్తిస్తారు. చేతులు కడుక్కుంటూ ఉండడం, తాళం వేశామా లేదా అని పదే పదే చూసుకోవడం ఏ జబ్బో, దేవుడి విషయంలో పదే పదే చూసుకోవడం కూడా ఆ జబ్బే. 1978లో రాక్‌మన్, డిసిల్వా అనే ఇద్దరు పరిశోధకులు ఏ మానసిక జబ్బూ లేని మామూలు మనుషులను అడిగితే, పదిమందిలో సుమారు ఎనిమిది మంది తమకూ అసహ్యమైన, హింసాత్మకమైన, సిగ్గుపడే ఊహలు అడగకుండా వస్తాయని చెప్పారు. ఊహ రావడంలో తేడా లేదు. మామూలు మనిషి దాన్ని ‘ఛీ’ అనుకుని వదిలేస్తాడు. జబ్బు ఉన్నవాడు దాన్ని తన హృదయ రహస్యం బయటపడినట్టుగా చూసి, దాన్ని అణచడానికి, కడగడానికి, రద్దు చేయడానికి పూనుకుంటాడు. మందు వేసుకునేటప్పుడు కోతిని తలచుకోవద్దని చెప్పిన వైద్యుడి కథ మనకు తెలిసినదే. పరిశుద్ధాత్మ పేరు దగ్గర ఆ బూతు మాటను తలచుకోకూడదని కాపలా కాసేవాడికి ఆ మాట రాక తప్పదు. ఇష్టపడి దూషించేవాడికి కాపలా అవసరమే లేదు. ఎవరు దేన్ని పవిత్రంగా చూసుకుంటారో దాని మీదికే ఈ ఊహలు వస్తాయి. పసిబిడ్డ తల్లికి బిడ్డకు హాని జరిగే ఊహలు వస్తాయి, భక్తుడికి దేవుణ్ణి తిట్టే ఊహలు వస్తాయి.

మా నాన్నగారి దగ్గరికి ఆర్టీసీ కండక్టరు ఒకాయన వచ్చేవాడు. డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే, టికెట్ల సంచి భుజాన ఉండగానే వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. ‘అయ్యగారూ, ఒక్క మాట అడిగి పోతాను’ అనేవాడు. మాట ఎప్పుడూ అదే. నాన్నగారు దీపం దగ్గర బైబిలు తెరిచి మార్కు, హెబ్రీ, యోహాను మొదటి పత్రిక అన్నీ ఓపిగ్గా చూపించేవారు. ఆయన ముఖం తేటపడేది, చెప్పులేసుకుని వెళ్ళిపోయేవాడు. నాలుగు రోజులకు మళ్ళీ వచ్చేవాడు, అప్పుడు ప్రశ్నలో చిన్న మార్పు ఉండేది: ‘ఆ రోజు నేను ఆ మాట అనుకున్నప్పుడు లోపల కొంచెం ఇష్టం ఉందేమో అయ్యగారూ.’ ఇలా చాలాకాలం జరిగాక ఒక సాయంత్రం నాన్నగారు బైబిలు తెరవలేదు. ‘ఆ మాటే అయితే అడగొద్దయ్యా. దానికి నీకు జవాబు చెప్పేశాను, నా జవాబు మారదు. కూర్చో, భోంచేసి వెళ్దువుగాని’ అన్నారు. ఆయనకు కోపం వచ్చింది. అయ్యగారికి నా సంగతి తెలిసిపోయింది, పైకి చెప్పలేక తప్పించుకుంటున్నారని సంఘ పెద్దల దగ్గర వాపోయాడు. మా అమ్మ కూడా నాన్నగారితో, అంత బాధలో ఉన్న మనిషితో అలా మాట్లాడతారా అని దెబ్బలాడింది. నాన్నగారు మెత్తబడలేదు. భోజనం పెట్టారు, పంటల గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడారు, ఆ ఒక్క ప్రశ్న తప్ప.

ఆ తరవాత ఆయన్ని ఒప్పించి గుంటూరులో మానసిక వైద్యుడికి చూపించారు. ఆ డాక్టరు దేవుడి గురించి ఎక్కువ అడగలేదట. డ్యూటీలో ఎలా ఉంటావని అడిగాడు. అప్పుడు బయటపడింది, ప్రతి ట్రిప్పు చివరా ఆయన సంచిలోని చిల్లర మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టేవాడు, ఎవరికో రూపాయి తక్కువ ఇచ్చానన్న అనుమానంతో దిగిపోయిన ప్రయాణికుల వెనక నడిచి వెళ్ళేవాడు. చిల్లర లెక్కా, పాపం లెక్కా ఒకే చెయ్యి పెడుతోందని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. మందులు వాడాడు. అనుమానం పూర్తిగా పోలేదు గానీ, అది వచ్చినప్పుడు లేచి అరుగు మీదికి రావడం మానేశాడు.

దీనికి ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది. దైవభయాన్ని జబ్బంటున్నారా, మనస్సాక్షిని మాత్రలతో నిద్రపుచ్చమంటారా అని అడుగుతారు. అలా అనడం లేదు. నాతాను ప్రవక్త వచ్చి ‘ఆ మనుష్యుడవు నీవే’ అన్నప్పుడు దావీదుకు కలిగినది మనస్సాక్షి బాధ. దానికి ఒక పాపం ఉంది, ఆ పాపానికి ఒక పేరు ఉంది, దావీదు చంపించిన ఊరియా అనే బాధితుడు ఉన్నాడు. ఒప్పుకోలు ఉంది, ఒప్పుకున్నాక ప్రవక్త చెప్పిన క్షమాపణ మాటను దావీదు నమ్మాడు, బిడ్డ చనిపోయినప్పుడు కూడా నేలమీదినుంచి లేచి స్నానం చేసి దేవుని మందిరానికి వెళ్ళాడు. నేను చెప్పే భయానికి వీటిలో ఏదీ ఉండదు. పొరుగువాడికి అన్యాయం చేశాననే బాధ అందులో కనిపించదు. ఎంతసేపూ తన హృదయంలోకి దీపం పెట్టి వెతుక్కోవడమే. క్షమాపణ మాట ఎన్నిసార్లు విన్నా దానికి చాలదు. నిజమైన దైవభయం మనిషిని పక్కవాడి వైపు తిప్పుతుంది, ఈ భయం తనలోకే ముడుచుకునేలా చేస్తుంది.

ఇంకొక అభ్యంతరం బలమైనది. జవాబు చెప్పనని తిప్పి పంపడం క్రూరత్వం కాదా? మొదటిసారి చెప్పకపోవడం క్రూరత్వమే. మొదటిసారి వచ్చినవాడికి తొందరపడకుండా, మార్కు ముప్పయ్యో వచనం దాకా చదివి, పేతురు సంగతీ పౌలు సంగతీ చూపించి, సంఘం నొవేషియన్‌ను ఎందుకు కాదన్నదో చెప్పి, స్పష్టంగా జవాబు చెప్పాలి. తప్పుడు బోధ విని భయపడినవారికి ఆ ఒక్కసారితోనే సరిపోతుంది, వారు మళ్ళీ రారు. మళ్ళీ మళ్ళీ వచ్చేవారికి మాత్రం ఆ ప్రశ్నను ప్రశ్నగా తీసుకోవడం మానాలి. ఓసీడీకి ఇచ్చే మాటల చికిత్స కూడా ఈ దారిలోనే నడుస్తుంది: భయం కలిగించే ఊహను రానిచ్చి, దాన్ని రద్దు చేసే పని మాత్రం చేయకుండా కూర్చోవడం నేర్పుతారు. విశ్వాసి చేత దేవుణ్ణి తిట్టించడం దీని ఉద్దేశం కాదు. మార్కు మూడో అధ్యాయం తెరిచి చదివి, చదివాక మూడుసార్లు గొణగకుండా పుస్తకం మూసి పడుకోవడం, అనుమానం ఉండగానే సంస్కారానికి లేచి వెళ్ళడం, ఇవే ఆ సాధన. పాస్టరు గారూ డాక్టరు గారూ ఒకరి పని ఒకరు ఎరిగి ఉంటే ఇది సులువవుతుంది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది, హైదరాబాదు ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి, 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం వారు తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. నిరాశ ముదిరి చావు తలంపులు వస్తున్నప్పుడు ఉపవాస కూటం అయ్యేదాకా ఆగకూడదు. ఇంట్లోవాళ్ళు కూడా ‘నువ్వేం పాపం చేయలేదు నాన్నా’ అని రోజుకు పదిసార్లు అనడం ఆపి, ఆ ఊహ వచ్చినప్పుడు పక్కన కూర్చుని వేరే పనిలోకి తీసుకెళ్ళడం నేర్చుకోవాలి. తల్లులకు ఇది అన్నిటికంటే కష్టం.

చికిత్స అందరికీ ఒకేలా పనిచేస్తుందని అనుకోవడం కూడా తప్పే. ఇంగ్లీషు కవి విలియం కౌపర్ విషయం అందుకే చెప్పాలి. 1763లో ఇంగ్లండు పార్లమెంటు ప్రభుల సభలో గుమాస్తా ఉద్యోగానికి పరీక్ష ఎదుర్కోవాల్సి వచ్చిన భయంతో అతని మనసు చెదిరింది. ఆత్మహత్యకు ప్రయత్నించి, బతికి, క్షమించరాని పాపం చేశానన్న నమ్మకంలో పడ్డాడు. సెయింట్ ఆల్బన్స్‌లో డాక్టర్ కాటన్ దగ్గర కొంతకాలం ఉండి కోలుకున్నాడు. ఓల్నీలో పాస్టరు జాన్ న్యూటన్ పక్కన ఇల్లు తీసుకుని, ఇంగ్లీషు ఆరాధనల్లో నేటికీ పాడుకునే కీర్తనలు రాశాడు. 1773లో ఒక కలలో, నీ పని అయిపోయింది, నువ్వు నశించావు అన్న మాట వినిపించింది. ఆ తరవాత ఇరవై ఏడేళ్ళు బతికాడు, గ్రీకు కవి హోమరును అనువదించాడు, కుందేళ్ళను పెంచాడు, స్నేహితులకు నవ్వు తెప్పించే ఉత్తరాలు రాశాడు, మళ్ళీ ప్రార్థించలేదు, గుడిలోకి వెళ్ళలేదు. అప్పటి వైద్యానికి అంతకంటే చేతకాలేదు. న్యూటన్ వాదించి చూశాడు, వాదన పనిచేయలేదు. 1800లో కౌపర్ అదే నమ్మకంతో చనిపోయాడు. న్యూటన్ మాత్రం తన మిత్రుడి రక్షణను అనుమానించలేదు, దానికి కౌపర్ ఒప్పుకోలు అవసరమని కూడా అనుకోలేదు.